మూడో పెడల్ ఎక్కడ?

మిక్సీలో పచ్చడి నిమిషంలో తయారు. రోట్లో అయితే పావుగంట, చేతుల నొప్పి అదనం. అయినా ‘రోటి పచ్చడి రుచే వేరు’ అంటాం. ప్రపంచవ్యాప్తంగా కార్ల ప్రియులు ఇప్పుడు గేర్ల గురించి సరిగ్గా అదే మాట అంటున్నారు. యంత్రం తమకన్నా వేగంగా, తప్పుల్లేకుండా గేర్లు మారుస్తుందని వాళ్లకు తెలుసు. అయినా సరే... ఆ పని మాకే వదిలేయండి అంటున్నారు. పెద్దపెద్ద కంపెనీలు ఆ పోరు పడలేక దిగొచ్చిన సందర్భాలూ ఉన్నాయి!

2013 మార్చి. స్విట్జర్లాండ్‌లో జెనీవా మోటార్ షో. జర్మన్ కంపెనీ పోర్షే తన 911 జీటీ3 కొత్త మోడల్‌ని అక్కడ బయటపెట్టింది. 475 హార్స్‌పవర్ ఇంజిన్. నిలబడ్డ చోటు నుంచి 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి మూడున్నర సెకన్లు చాలు. గరిష్ఠ వేగం గంటకు 315 కిలోమీటర్లు. చూసినవాళ్లంతా ఆహా అనాలి. అన్నారు కూడా. కానీ అద్దంలోంచి లోపలికి తొంగిచూసిన వీరాభిమానుల ముఖాలు మాత్రం వాడిపోయాయి. కాళ్ల దగ్గర రెండే పెడల్స్ ఉన్నాయి. ఒకటి బ్రేకు, రెండోది యాక్సిలరేటర్. మరి క్లచ్ ఏదీ?

లేదు. 1999లో మొదలైన జీటీ3 చరిత్రలో క్లచ్ పెడల్ లేకుండా వచ్చిన మొదటి కారు అదే. గేర్లు మార్చే పనిని రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ యంత్రానికి అప్పగించేశారు. కంపెనీ లెక్క సబబే. జీటీ3 ఉన్నది రేసు ట్రాక్ మీద సెకన్లు మిగిల్చుకోవడానికి. ఆ పని యంత్రమే బాగా చేస్తున్నప్పుడు మనిషిని కష్టపెట్టడం ఎందుకు?

అభిమానుల లెక్క వేరు. ‘అర సెకను మిగిలింది సరే, ఆ అర సెకనులో మాకు దొరికే ఆనందం ఏమైపోయింది?’ అన్నారు. ఆ గొణుగుడు మూడేళ్లు సాగింది. 2016లో పోర్షే 911 ఆర్ అనే కారు తెచ్చింది. 500 హార్స్‌పవర్. గేర్లు ఆరు. అవన్నీ చేత్తో మార్చుకోవాల్సిందే, ఆటోమేటిక్ ఊసే లేదు. చేసినవి 991 కార్లు మాత్రమే. ఇంకేముంది... కొన్నవాళ్లలో కొందరు దాన్ని కొత్త ధరకు రెట్టింపు కన్నా ఎక్కువకే అమ్ముకున్నారు. కంపెనీకి విషయం అర్థమైంది. 2017లో వచ్చిన జీటీ3లో మాన్యువల్ గేర్లు మళ్లీ ప్రత్యక్షమయ్యాయి. కావాలన్నవాళ్లకు అది, వద్దన్నవాళ్లకు ఆటోమేటిక్!

ఎడమ కాలి రహస్యం

ఇంతకీ ఓ పెడల్, ఓ రాడ్డు కోసం ఇంత గొడవెందుకు? కారు నేర్చుకున్న తొలిరోజులు గుర్తున్నవాళ్లకు జవాబు సగం తెలిసినట్టే.

ఇంజిన్‌కి ఓ స్వభావం ఉంది. మరీ నెమ్మదిగా తిరిగితే ఆగిపోతుంది, మరీ వేగంగా తిరిగితే పాడైపోతుంది. ఆ రెంటికీ మధ్యలోనే దాని బలమంతా. చక్రాలేమో ఒకసారి నత్తలా కదలాలి, ఇంకోసారి గాలిలా పరుగెత్తాలి. ఈ రెంటికీ పొత్తు కుదిర్చేదే గేరుబాక్సు. ఒక గేరులోంచి మరో గేరులోకి వెళ్లేముందు ఇంజిన్‌కీ చక్రాలకీ ఉన్న లంకెను కాసేపు తెంపాలి. ఆ పని చేసేది క్లచ్. మెల్లగా వదిలితే బండి మెత్తగా కదులుతుంది. ఒక్కసారిగా వదిలితే ఎగిరిపడి ఆగిపోతుంది. డ్రైవింగ్ స్కూల్లో గురువుగారి చేత తిట్లు తినిపించేది ఇదే.

చేయి తిరిగినవాళ్లు ఇంకో మెట్టు పైకెళతారు. మలుపు ముందు కుడికాలి మునివేళ్లతో బ్రేకు నొక్కుతూనే, అదే పాదం పక్కభాగంతో యాక్సిలరేటర్‌ని చిన్నగా తడతారు. ఎడమ కాలు క్లచ్ మీద, ఎడమ చేయి గేరు రాడ్డు మీద. ఇంజిన్ వేగం కింది గేరుకు తగ్గట్టు పెరిగి, గేరు కుదుపు లేకుండా పడుతుంది. ఇదంతా రెప్పపాటులో జరిగిపోవాలి. ఒకప్పుడు మన లారీ డ్రైవర్లు డబుల్ క్లచ్ కొట్టి గేర్లు వేసేవారు. దాని వెనక ఉన్నదీ ఇదే సూత్రం. సరిగ్గా కుదిరినప్పుడు కలిగే తృప్తి మృదంగంలో దెబ్బ తాళానికి పడ్డప్పటి తృప్తి లాంటిది. కార్ల ప్రియులు పోగొట్టుకోబోమంటున్నది దాన్నే.

రేసులో పుట్టి... రోడ్డు మీదకొచ్చి...

క్లచ్ పెడల్‌కి గండం మొదలైంది రేసుల్లోనే. 1989 మార్చిలో బ్రెజిల్ గ్రాండ్ ప్రి జరిగింది. ఫెరారీ ఆ రేసుకి స్టీరింగు వెనకున్న చిన్న మీటలతో గేర్లు మారే కారును తెచ్చింది. రూపకర్త జాన్ బర్నార్డ్. అప్పటివరకూ ప్రయోగాల్లో ఆ గేరుబాక్సు మొరాయిస్తూనే ఉంది. రేసు పూర్తవుతుందన్న నమ్మకం లేక డ్రైవర్ నైజెల్ మాన్సెల్ ముందుగానే ఇంటికి వెళ్లిపోయే విమానానికి టికెట్ చేయించుకున్నాడని చెబుతారు. తీరా చూస్తే రేసు గెలిచింది ఆ కారే! కొన్నేళ్లలోనే ఫార్ములావన్ కార్లన్నీ అదే దారి పట్టాయి.

1997లో ఫెరారీ ఆ మీటల్ని ఎఫ్355 కారుతో మామూలు రోడ్డు మీదకు తెచ్చింది. 2003లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్32తో రెండు క్లచ్‌ల గేరుబాక్సు వచ్చింది. దాని కిటుకు చాలా తేలిక. ఒక క్లచ్ చేతిలో 1, 3, 5 గేర్లు. రెండో క్లచ్ చేతిలో 2, 4, 6. మూడో గేరులో పోతున్నప్పుడే నాలుగోది సిద్ధంగా కూర్చుని ఉంటుంది. ఒక క్లచ్ వదిలి రెండోది పట్టుకుంటే చాలు, గేరు మారిపోతుంది. ఎంతటి మొనగాడైనా చేత్తో అంత వేగంగా మార్చలేడు.

ఆ తర్వాత ఒక్కొక్కరే జారుకున్నారు. 2009 నాటి ఫెరారీ 458 ఇటాలియాకి మాన్యువల్ ఇవ్వలేదు. 2011లో వచ్చిన లంబోర్గినీ అవెంటడోర్‌దీ అదే దారి. 2019లో అమెరికా వాళ్ల ముద్దుబిడ్డ షెవర్లే కార్వెట్ కొత్త అవతారమెత్తింది. అందులోనూ క్లచ్ పెడల్ లేదు. అభిమానులు అయ్యో అన్నారు. తమాషా ఏంటంటే, 1953లో పుట్టిన మొట్టమొదటి కార్వెట్ కూడా ఆటోమేటికే! మాన్యువల్ వచ్చింది 1955లో.

తలో మాట

ఈ గొడవలో ప్రధానంగా మూడు వర్గాలున్నాయి.

మొదటివాళ్లు ఆటోమేటిక్ పక్షం. వాళ్ల వాదనలో బలముంది. ఇప్పటి పోర్షే 911 జీటీ3నే తీసుకోండి. 2021లో ఈ తరం వచ్చినప్పుడు కంపెనీ ఇచ్చిన లెక్కల ప్రకారం ఆటోమేటిక్ అయితే 100 కిలోమీటర్ల వేగానికి 3.4 సెకన్లు. మాన్యువల్ అయితే 3.9. ఇంజిన్ ఒకటే, తేడా గేరుబాక్సుదే. ‘వేగం కోసమే తయారైన కారులో నెమ్మదైన పద్ధతి కోరడం ఏం వేడుక?’ అని వాళ్ల ప్రశ్న. పైగా రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంటాయి. చూపు రోడ్డు మీదే ఉంటుంది. కాలికి ఇబ్బంది ఉన్నవాళ్లు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కూడా చక్కగా నడుపుకోవచ్చు. ట్రాఫిక్‌లో గంటసేపు క్లచ్ తొక్కినవాళ్లెవరూ ఈ మాట కాదనలేరు.

రెండోవాళ్లు మాన్యువల్ పక్షం. వేగం ఇప్పుడు చవకైపోయిందంటారు వీళ్లు. అది నిజమే. 1980ల నడిమిన వచ్చిన మొదటి బీఎండబ్ల్యూ ఎం5కి 286 హార్స్‌పవర్ ఉంటేనే ప్రపంచం నోరెళ్లబెట్టింది. 2024లో వచ్చిన ఎం5కి 727. బరువేమో 2,400 కిలోలు దాటింది. ఇంచుమించు రెండు అంబాసిడర్లంత! అంత బలాన్ని, అంత బరువును అదుపులో పెట్టే పని కంప్యూటర్లదే. ‘అన్నీ అదే చేస్తుంటే ఇక నేనెందుకు, కూర్చోవడానికా?’ అన్నది వీళ్ల బాధ. అందుకే వీళ్లకు మాజ్దా ఎంఎక్స్-5 లాంటి కార్లంటే ప్రాణం. 1989 నుంచి వస్తున్న ఈ చిన్న కారు బరువు టన్నుకు కాస్త అటూ ఇటూ. బలమూ మరీ ఎక్కువేం కాదు. కానీ ఉన్న బలమంతా వాడుకోవచ్చు. వేగమైన కారును భయంభయంగా నడపడం కన్నా మామూలు కారును హుషారుగా నడపడమే మజా అన్నది వీళ్ల సిద్ధాంతం.

మూడోవాళ్లు మధ్యేమార్గం. వీళ్లే కాస్త లోతుగా ఆలోచించారనిపిస్తుంది. క్లచ్ పెడల్ ఉన్నంత మాత్రాన కారు గొప్పదైపోదంటారు. పోర్షేలోనే కేమన్ జీటీ4 అనే కారుంది. ఇంజిన్ అద్భుతం, గేరు రాడ్డు అద్భుతం. కానీ రెండో గేరులోనే 130 కిలోమీటర్ల వేగం దాటిపోతుంది! ఇక మూడు, నాలుగు, అయిదు వేసేదెప్పుడు? రోడ్డు మీద చట్టానికి లోబడి నడిపేవాడికి గేరు మార్చే ముచ్చట ఒక్కసారితో సరి. ఇలాంటి మాన్యువల్ కన్నా చక్కగా పనిచేసే ఆటోమేటిక్ నయమని వీళ్ల తీర్పు. కారు తేలిగ్గా ఉండాలి, గేర్లు దగ్గర దగ్గరగా ఉండాలి, ఇంజిన్ పిలిస్తే పలకాలి. అప్పుడే చేత్తో మార్చడానికి అర్థమంటారు.

అడిగినంతమంది కొంటారా?

కంపెనీలకూ ఓ బాధ ఉంది. మాన్యువల్ కావాలని అడిగేవాళ్లు ఎక్కువ, తీరా తెస్తే కొనేవాళ్లు తక్కువ. బీఎండబ్ల్యూకి ఇది అనుభవమే. 2005 నాటి ఎం5 మొదట క్లచ్ పెడల్ లేకుండానే వచ్చింది. అమెరికా అభిమానులు పట్టుబట్టారు. సరేనని వాళ్ల కోసమే ప్రత్యేకంగా ఆరు గేర్ల మాన్యువల్ తయారుచేసి ఇచ్చారు. ఆ తర్వాతి తరంలోనూ ఉత్తర అమెరికా కోసం ఆ సదుపాయం ఉంచారు. కానీ కొనేవాళ్లు పల్చబడిపోయారు. 2017లో కొత్త ఎం5 వచ్చేసరికి మాన్యువల్ ఎవరికీ లేదు.

అమెరికాలో మామూలు కార్లలో అయితే ఈ ముచ్చట ఏనాడో ముగిసింది. 1980లో అక్కడ తయారైన కొత్త బళ్లలో మూడోవంతు మాన్యువల్. ఇప్పుడు వందకు ఒకటి. ఉద్యోగాలకు వెళ్లిన మనవాళ్లకు ఇది మొదటి వారంలోనే తెలిసొస్తుంది. హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో క్లచ్ తొక్కి తొక్కి అలవాటైన ఎడమ కాలు అక్కడి అద్దె కారులో లేని పెడల్ కోసం వెతుక్కుంటుంది! దొంగతనానికొచ్చినవాళ్లు మూడో పెడల్ చూసి, నడపడం రాక, కారు వదిలేసి పారిపోయిన సంఘటనలు అక్కడి పత్రికల్లో చాలాసార్లే వచ్చాయి. మాన్యువల్‌ని మించిన తాళం లేదని అభిమానుల జోకు.

యూరప్‌లో కథ వేరు. అక్కడ కాలుష్య నిబంధనలు అడ్డొస్తున్నాయి. ఏ గేరులో ఎంత ఇంధనం ఆదా అవుతుందో కంప్యూటర్‌కి తెలిసినంతగా మనిషికి తెలియదు. 1976లో పుట్టి మధ్యతరగతి కుర్రకారుకు వేగం రుచి చూపించిన కారు ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ. 2024లో మెరుగులు దిద్దుకుని వచ్చిన మోడల్‌తో దానికీ క్లచ్ పెడల్ పోయింది. దాదాపు అర్ధశతాబ్దపు బంధం అలా తెగింది.

పోయింది... మళ్లీ వచ్చింది!

అయినా అభిమానులు ఓడిపోలేదు. టయోటా సుప్రా సంగతి చూడండి. పదిహేడేళ్ల విరామం తర్వాత 2019లో తిరిగొచ్చిన ఈ కారును ఆటోమేటిక్‌తో మాత్రమే ఇచ్చారు. విమర్శలు వెల్లువెత్తాయి. 2022లో ఆరు గేర్ల మాన్యువల్ వచ్చేసింది. అదే కంపెనీలో దీనికి తలకిందుల కథా ఉంది. జీఆర్ యారిస్ అనే చిన్న వేగవంతమైన కారు 2020లో మాన్యువల్‌తో వచ్చింది. 2024లో దానికి ఆటోమేటిక్ చేర్చారు. ఎవరికి కావలసింది వాళ్లకు... గొడవే లేదు.

ఇక కోటీశ్వరుల లోకంలో క్లచ్ పెడల్ ఇప్పుడు ఆభరణమైపోయింది. ఫార్ములావన్ కార్ల రూపకల్పనలో దిగ్గజం గార్డన్ ముర్రే తన టి.50 కారుకు నిమిషానికి 12,100 సార్లు తిరిగే ఇంజిన్ పెట్టాడు. దాంతోపాటు చేత్తో మార్చే ఆరు గేర్లూ పెట్టాడు. అలాంటివి వంద కార్లే. 2023లో పోర్షే తన 911కి అరవై ఏళ్లు నిండిన సందర్భంగా ఎస్/టి అనే కారు తెచ్చింది. అదీ మాన్యువలే. అది పుట్టిన ఏడాదికి గుర్తుగా సరిగ్గా 1,963 కార్లు చేస్తామంది. ఒకనాడు చవక కారుకు గుర్తు గేరు రాడ్డు. ఇప్పుడది ధనవంతుల ముచ్చట! అభిమానుల్లో చాలామందికి గుచ్చుకుంటున్న ముల్లు ఇదే. అందరికీ అందుబాటులో ఉండాల్సిన సరదా, కొందరి గ్యారేజీల్లో బందీ అయిపోతోందని వాళ్ల దిగులు.

మన ఘాట్‌రోడ్డు పాఠం

మన దేశంలో అమ్ముడయ్యే కార్లలో ఎక్కువ భాగం ఇప్పటికీ మాన్యువలే. కాకపోతే 2014లో మారుతి సెలేరియోతో ఏఎంటీ వచ్చాక పరిస్థితి మారడం మొదలైంది. తక్కువ ఖర్చులో ఆటోమేటిక్ సుఖం దొరికింది. నగరాల్లో ట్రాఫిక్ పెరిగేకొద్దీ అటే మొగ్గుతున్నారు.

వేగం ఇష్టపడే కుర్రకారు మాత్రం ఇక్కడా అదే పాట. 2004లో స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ మన రోడ్ల మీదకొచ్చింది. 150 హార్స్‌పవర్ టర్బో ఇంజిన్, అయిదు గేర్ల మాన్యువల్. ఇప్పటికీ దాన్ని ప్రాణంలా చూసుకునేవాళ్లున్నారు. ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ 2013లో ఆటోమేటిక్‌తో మాత్రమే వచ్చింది. టీఎస్ఐ ఇంజిన్‌కి మాన్యువల్ దొరికింది 2020లో. వర్టస్ జీటీకీ అంతే. 2022లో ఆటోమేటిక్, మరుసటి ఏడాది మాన్యువల్. హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్‌లో గేరు రాడ్డు ఉండి క్లచ్ పెడల్ లేని పద్ధతి పెట్టారు. అటూ ఇటూ కాని ఆ ఏర్పాటు చాలామందికి నచ్చలేదు. 2023లో దాని స్థానంలోకి అసలైన మాన్యువల్ వచ్చింది. అలాగని ఆటోమేటిక్‌ని ఛీకొడుతున్నారనీ అనుకోకూడదు. 2025లో ఆక్టేవియా ఆర్ఎస్ ఆటోమేటిక్‌తో మాత్రమే వచ్చినా, మన దేశానికి కేటాయించిన వంద కార్లూ చూస్తుండగానే బుక్కైపోయాయి!

ఈ చర్చలో సరదాని మించిన విషయం ఒకటుంది. ‘ఏ గేరులో కొండెక్కుతావో ఆ గేరులోనే దిగాలి’ అన్నది మన డ్రైవర్ల పాత సూత్రం. తిరుమల అయినా, శ్రీశైలం అయినా, అరకు అయినా అంతే. దిగేటప్పుడు తక్కువ గేరులో ఉంటే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకులు వేడెక్కి పట్టు తప్పే ప్రమాదం తప్పుతుంది. మాన్యువల్ నడిపినవాడికి ఈ పాఠం ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. నిజానికి చాలా ఆటోమేటిక్ కార్లలోనూ తక్కువ గేరు ఎంచుకునే వీలుంటుంది. కానీ ‘డి’లో పెట్టి వదిలేయడానికి అలవాటుపడినవాళ్లు దాని జోలికి పోరు. కారు మారినా ఆ పాఠం మారకూడదు. కొత్తగా ఆటోమేటిక్ కొన్న ప్రతి ఇంట్లోనూ తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

ఉత్తుత్తి గేర్లు!

ఇప్పుడు కరెంటు కార్లు వచ్చేశాయి. మోటారు నిలబడ్డ చోటు నుంచే బలంగా లాగుతుంది, చాలా ఎక్కువ వేగం దాకా తిరగగలదు కాబట్టి సాధారణంగా గేర్లు మార్చే పనే ఉండదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఇ రేసు జరిగింది. ఇంజిన్ గర్జన లేదు, గేర్లు మారే చప్పుడు లేదు. సన్నని ఈలలాంటి శబ్దంతో కార్లు దూసుకుపోయాయి. జనం ఎగబడి చూశారు. నచ్చినవాళ్లకు నచ్చింది. ‘ఆ చప్పుడే లేకపోతే రేసెక్కడిది’ అని పెదవి విరిచినవాళ్లూ ఉన్నారు.

ఆ వెలితిని పూడ్చడానికా అన్నట్టు అదే ఏడాది హ్యుందాయ్ ఐయానిక్ 5 ఎన్ వచ్చింది. కరెంటు కారే. కానీ మీట నొక్కితే ఎనిమిది గేర్లున్నట్టు నటిస్తుంది! గేరు మారినప్పుడల్లా చిన్న కుదుపు ఇస్తుంది. స్పీకర్లలోంచి ఇంజిన్ మోత వినిపిస్తుంది. లేని గేర్లను ఉన్నట్టు చూపించడం వింతే. అయినా ‘ఇదంతా నాటకం’ అని మొదట నవ్వినవాళ్లలో కొందరు నడిపి చూశాక మనసు మార్చుకున్నారు. గేరు ఎప్పుడు మారిందో తెలిస్తేనే బండి ఎంత వేగంలో ఉందో ఒంటికి తెలుస్తుందన్నది వాళ్ల మాట. మిగతావాళ్లు ససేమిరా అంటున్నారు. మిక్సీకి రోలు చప్పుడు తగిలించినంత మాత్రాన రోటి పచ్చడి అవుతుందా అని వాళ్ల ప్రశ్న.

ఎవరి మాట నెగ్గుతుందన్నది పక్కన పెడితే, ఒక్క విషయంలో అందరిదీ ఒకే మాట. మాన్యువల్ మిగలాలంటే వాదిస్తే చాలదు, కొనాలి. నేర్చుకోవాలి. నేర్పాలి. ఊరి చివర మైదానంలో ఎల్ బోర్డు తగిలించుకున్న కారు, పక్క సీట్లో హ్యాండ్‌బ్రేకు మీద చెయ్యేసుకుని కూర్చున్న నాన్న, నాలుగుసార్లు ఎగిరిపడి ఆగిపోయాక అయిదోసారి మెత్తగా కదిలిన బండి... ఆ క్షణం గుర్తున్నవాళ్లు మన ఇళ్లలో ఇంకా చాలామందే ఉన్నారు. రేపటి పిల్లలకు అది దొరుకుతుందా లేదా అన్నది కార్ల కంపెనీల చేతిలో ఎంతుందో, ఆ పక్క సీట్లో కూర్చున్నవాళ్ల చేతిలోనూ అంతే ఉంది.